ఆరుబయలు మందకు కొట్టం అలవాటు: పెద్దకడుబూరు ప్రాంతంలో వాన, చలి మాసాల గొర్రెల పోషణ

కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల నడుమ ఉన్న పెద్దకడుబూరు మండలంలో చాలా మందలకు కప్పు కింద నిద్రించడం పరిచయం లేని విషయం. పగలంతా బీళ్ళలోనూ, వంకల గట్ల మీదా, కోత ముగిసిన చేలలోనూ తిరిగి, రాత్రికి ఎవరో ఒక రైతు పొలంలో వలల నడుమ పడుకోవడమే ఇక్కడి గొర్రె జీవితం. కాపరికి ఇల్లు ఉంటుంది, మందకు ఉండదు. ఎండాకాలంలో ఈ ఏర్పాటును మించినది లేదు. కాని సెప్టెంబరులో ముసురు పట్టి నల్లరేగడి గిట్టలకు అంటుకునే బురదగా మారినప్పుడు, ఆ తరువాత నవంబరు, డిసెంబరు రాత్రుల్లో అప్పుడే పుట్టిన పిల్లలు మంచుకు తడిసినప్పుడు, ఇదే ఏర్పాటు మందను దెబ్బతీస్తుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచెత్తిన విపత్తును చూసిన ప్రాంతం ఇది. వర్షాభావమే ఇక్కడి ప్రధాన సమస్య అయినా, కురిసిన నాలుగు రోజులూ ఒక్కసారిగా కురవడం కూడా ఈ నేల స్వభావమే.

ఈ కారణంగా కొట్టం కట్టించుకోవాలన్న ఆలోచన కాపరి కుటుంబాలలోని కొత్త తరానికి కలుగుతోంది. కొట్టపు కొలతలు, పైకప్పు ఎత్తు, తొట్ల పొడవు తెలిపే విస్తరణ కరపత్రాలకు కొదవ లేదు. అయితే ఆరుబయట పుట్టి పెరిగిన జీవాన్ని ఆ కొట్టంలోకి ఏ విధంగా ప్రవేశపెట్టాలన్న విషయం ఆ కరపత్రాలలో ఒకటి రెండు వాక్యాలకు మించదు. మార్పు కాలంలో జరిగే నష్టాన్ని కాపరి కొట్టానికే అంటగడతాడు. రెండు మూడు వారాల్లో నాలుగైదు జీవాలు పోతే, మిగిలినవాటిని మళ్ళీ బయటికి తోలి, కొట్టంలో పత్తి బస్తాలు వేసుకుంటాడు. కొట్టం పెట్టుబడి ఆ విధంగా వృథా అవుతుంది. కాబట్టి విస్తరణ శాస్త్రవేత్త శ్రద్ధ పెట్టవలసింది గోడల కొలతల కన్నా ఈ మార్పు కాలం మీద.

మంద జీవన విధానం

2019 నాటి 20వ అఖిల భారత పశుగణన ప్రకారం దేశంలో 7.42 కోట్ల గొర్రెలుండగా, 1.91 కోట్లతో తెలంగాణ మొదటి స్థానంలో, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ అనగానే నెల్లూరు జాతి గుర్తుకు రావడం సహజం. కాని కర్నూలు పశ్చిమ మండలాలు బళ్ళారి జిల్లాకు ఆనుకొని ఉండడం వల్ల, నెల్లూరు రకపు పొట్టి వెంట్రుకల గొర్రెలతోపాటు దక్కనీ, బళ్ళారి రకాలకు చెందిన ముతక ఉన్ని గొర్రెలు కూడా ఇక్కడి మందలలో కనిపిస్తాయి. కొట్టపు పోషణలో ఈ తేడాను గమనించడం అవసరం. ఉన్ని గొర్రె చలిని బాగా తట్టుకుంటుంది. అయితే ఉన్ని లోపలి వరకు తడిస్తే ఆరడానికి చాలా సమయం పట్టి, తడి ఉన్ని రక్షణకు బదులు భారమవుతుంది. పొట్టి వెంట్రుకల గొర్రె త్వరగా తడుస్తుంది, త్వరగా ఆరుతుంది, గాలి తగిలితే వెంటనే వణుకుతుంది. మొదటిదానికి గాలి ఆడే కప్పు చాలు. రెండవదానికి కప్పుతోపాటు గాలివాటు వైపు ఒక తడక కూడా కావాలి.

బయటి మందలో గొర్రె రోజుకు అనేక కిలోమీటర్లు నడుస్తుంది. నోటికి నచ్చినదే ఏరుకొని తింటుంది. గరిక, తుమ్మకాయలు, వేపాకు, శనగ చేలో రాలిన ఆకు, పత్తి చేనులో మిగిలిన లేత కొమ్మలు, ఇలా ఒక్క పూటలో పదిరకాల మేత దాని కడుపులోకి చేరుతుంది. రాత్రి పడకకు పొలం యజమాని కాపరికి ధాన్యమో, నగదో ఇస్తాడు. పెంట, మూత్రం నేరుగా పొలానికి చేరతాయి. మందతోపాటు కొన్ని మేకలను ఉంచడం ఇక్కడి వాడుక, ఎందుకంటే మేక ముందు నడిస్తే గొర్రెలు వెంట నడుస్తాయి. కొట్టంలోకి మార్చినప్పుడు ఈ నాలుగూ, అంటే నడక, మేత వైవిధ్యం, పొడి పడక, మంద క్రమం, ఒకేసారి తెగిపోతాయి. వీటిలో ఏదీ చిన్నది కాదు.

గుర్రపుశాలల అనుభవం

పశువు ఆరుబయలు నుంచి కప్పు కిందికి మారినప్పుడు శరీరంలో ఏం జరుగుతుందన్న విషయాన్ని గుర్రాలలో విస్తృతంగా అధ్యయనం చేశారు. శీతల దేశాలలో వేసవి అంతా పచ్చికలో తిరిగిన గుర్రాన్ని చలికాలం రాగానే శాలలో కట్టివేయడం పరిపాటి. నీరు నిండిన పచ్చిక నుంచి ఎండుగడ్డికి ఒక్కసారిగా మారడం, నడక తగ్గిపోవడం, నీరు తక్కువ తాగడం కలిసి పేగులో మేత గట్టిపడి శూల వస్తుంది. శాలలో ఉంచే గంటలను హఠాత్తుగా పెంచడం ఈ శూలకు దోహదపడే కారణాలలో ఒకటని అధ్యయనాలు గుర్తించాయి. ఎండుగడ్డిలోని దుమ్ము, బూజు రేణువులు మూసిన శాలలో శ్వాసనాళాలను దెబ్బతీస్తాయి. ఒంటరిగా, పనిలేకుండా నిలబడిన గుర్రం కొయ్యను కొరకడం, తల అటూ ఇటూ ఊపడం వంటి అలవాట్లకు లోనవుతుంది. అక్కడి పెంపకందారులు చేసే పని సరళమైనది. రోజుకు కొన్ని గంటల చొప్పున శాల కాలాన్ని పెంచుతారు, మేతను వారం పది రోజుల మీద మారుస్తారు, గడ్డిని తడిపి వేస్తారు, పక్క గుర్రం కనబడేలా కడతారు.

గుర్రాల నష్టం దక్షిణాపథానికి కొత్తేమీ కాదు. సముద్రమార్గాన దక్షిణ దేశానికి దిగుమతి అయిన గుర్రాలు వాటి పోషణ తెలియక పెద్దసంఖ్యలో చనిపోతున్నాయని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కోపోలో రాశాడు. చోటు, మేత ఒకేసారి మారితే ఎంత విలువైన పశువైనా నిలవదు.

గుర్రానికి మేత పులిసే భాగం పేగు చివర ఉంటుంది, గొర్రెకు పొట్ట మొదట్లోనే ఉంటుంది. కాబట్టి గొర్రెకు గుర్రపు శూల రాదు. కాని రెండింటిలోనూ మేతను జీర్ణం చేసేది సూక్ష్మజీవులే, అవి కొత్త మేతకు సర్దుకోవడానికి సమయం తీసుకుంటాయన్నదీ రెండింటికీ వర్తిస్తుంది. గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు పీచు మేత నుంచి గింజ మేతకు సర్దుకోవడానికి రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. ఈ మూడు వారాలే మార్పు కాలానికి కొలమానం.

చోటు, నేల

రేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద లోతు పునాది లేకుండా కట్టిన గోడ రెండేళ్ళలో పగులు తీస్తుంది. చుట్టూ నీరు నిలుస్తుంది. ఊరి అంచున గరుసు నేల గల మిట్ట దొరికితే అదే మేలు. దొరకనప్పుడు రెండడుగుల మేర గరుసు పోసి గట్టిపరచి, చుట్టూ కాలువ తీయవలసి ఉంటుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలన్న సూచన అందరికీ తెలిసినదే.

నేల విషయంలో ఈ జిల్లాలో ఒక ప్రత్యేకమైన పొరపాటు కనిపిస్తుంది. బేతంచెర్ల నాపరాళ్ళు చవకగా, దగ్గరలో దొరకడం వల్ల కొట్టం నేలకు కూడా వాటినే పరుస్తారు. ఇంటికి చక్కగా సరిపోయే ఈ నునుపు రాయి గొర్రెకు పనికిరాదు. మూత్రంతో తడిసిన నాపరాయి మీద గిట్ట జారుతుంది, చూలు గొర్రె పడితే ఈసుకుపోయే ప్రమాదం ఉంటుంది, చలికాలపు రాత్రి ఆ రాయి పిల్ల శరీరంలోని వేడిని లాగేస్తుంది. పొలంలో పొడి మట్టి మీద పడుకున్న జీవం ఈ రాయి మీద రాత్రంతా నిలబడే ఉంటుంది. నిలబడిన గొర్రె నెమరు వేయడం తగ్గిస్తుంది. అప్పటికే రాళ్ళు పరిచి ఉంటే వాటిపై నాలుగంగుళాల ఇసుక, దానిపై శనగ పొట్టు లేక జొన్న చొప్ప తుక్కు వేసి, తడిసినంత మేర రోజూ తీసివేయడం ఒక మార్గం. స్తోమత ఉన్నవారు వేసుకునే ఎత్తైన పలకల నేలలో పలకల మధ్య సందు ఒకటిన్నర సెంటీమీటర్లకు దగ్గరగా ఉండాలి. అంతకు బాగా మించితే పిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి.

ఒక్కొక్క పెద్ద గొర్రెకు కప్పు కింద 10 నుంచి 12 చదరపు అడుగులు, దానికి రెట్టింపు ఆరుబయలు ఆవరణ ఉండాలన్నది సాధారణ ప్రమాణం. కప్పు కింది చోటులో పొదుపు చేసినా, ఈ ఆవరణలో పొదుపు చేయకూడదు. బయట తిరిగిన జీవానికి కొట్టాన్ని సహించగలిగేలా చేసేది అదే.

మొదటి మూడు వారాలు

ముసురు మొదలయ్యాక మందను కొట్టంలోకి తోలడం చాలామంది చేసే పని. అప్పటికే తడిసి, ఆకలితో, చలితో ఉన్న మంద కొత్త చోటికి చేరుతుంది. అన్ని ఒత్తిడులూ ఒక్క రాత్రి కలుస్తాయి. ఆగస్టు నెలలో పొడి వాతావరణం ఉన్నప్పుడే అలవాటు మొదలుపెట్టడం శ్రేయస్కరం. ఆ సమయంలో చేలలో పంట ఉండడం వల్ల మందలకు తిరిగే చోటు కూడా తక్కువ, కాబట్టి కాపరికీ అది అనుకూలమే.

మొదటి వారంలో కొట్టాన్ని కేవలం దారిలో ఉన్న చోటుగా చూపాలి. సాయంత్రం తిరిగివచ్చే మందకు ఆవరణలో నీరు, కొద్దిగా ఉప్పు, కొంచెం వేరుశనగ కట్టె పెట్టి, తలుపులు తెరిచే ఉంచాలి. లోనికి వెళ్ళమని కొట్టకూడదు. గొర్రె చీకటి ద్వారంలోకి అడుగుపెట్టదు. వెలుతురు ఉన్న వైపు నడుస్తుంది. అవతలి గోడకు కూడా ఒక తెరపి ఉండి, ద్వారంలో నిలబడితే ఆవలి వెలుతురు కనబడితే మంద సగం బెదురు మానుతుంది. ముందు నడిచే మేకను, ఒకటి రెండు ముదురు గొర్రెలను చేతి మేతతో లోపలికి అలవాటు చేస్తే మిగిలినవి వాటి వెంట వెళ్తాయి. ఈ వారం రాత్రి పడక ఆవరణలోనే ఉంటుంది. అలవాటైన వలలనే చుట్టూ కట్టడం, అదే కాపరి, అదే కుక్క రాత్రి దగ్గరుండడం అనవసరమైన శ్రమగా కనిపించవచ్చు. కాని బెదరిన మంద ఒక మూలకు తోసుకొని పిల్లలను తొక్కివేసిన సందర్భాలు తెలిసిన కాపరి ఈ మాటను తేలికగా తీసుకోడు.

రెండవ వారం నుంచి రాత్రి పడకను కప్పు కిందికి మార్చవచ్చు. పగటి మేపు మాత్రం యథాతథంగా సాగాలి. మందను విడదీయవలసి వస్తే కలిసి మెలిగే జీవాలను కలిపే ఉంచాలి. గొర్రె ఇతర గొర్రెల ముఖాలను గుర్తుపడుతుంది. 50 ముఖాలను రెండేళ్ళ వరకు గుర్తుంచుకోగలదని 2001లో బ్రిటన్‌లోని బేబ్రహాం సంస్థ పరిశోధకులు ప్రకటించారు. ఎదుట తెలిసిన ముఖం ఉన్నప్పుడు దాని కలవరం తగ్గుతుంది. ఒక్క జీవాన్ని విడిగా గదిలో వేయడం చికిత్స కోసమైనా మంచిది కాదు. తోడుగా మరొకదాన్ని ఉంచడం మేలు. సంతలో కొన్న జీవాలకు ఈ కష్టం రెట్టింపు. 2017లో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించినప్పుడు పొరుగు రాష్ట్రాల నుంచి కొన్న జీవాలు ఊరు, మంద, మేత అన్నీ ఒకేసారి మార్చుకొని ప్రయాణించవలసి వచ్చింది. అటువంటి జీవాలను మూడు వారాలు వేరుగా ఉంచి, పారుడు రోగం వంటివి లేవని తేలిన తరువాతే సొంత మందలో కలపాలి.

మూడవ వారంలో, ముసురు రోజుల్లో పగలు కూడా లోపల ఉంచడానికి సన్నద్ధంగా మేపు గంటలను తగ్గిస్తూ రావాలి. ఎనిమిది గంటలు తిరిగే మంద ఆరు గంటలకు, తరువాత నాలుగు గంటలకు వస్తుంది. పూర్తిగా ఆపివేయడం అవసరం లేదు. పెద్దకడుబూరు వాతావరణంలో వారం రోజులు వరుసగా కురవడం అరుదు. వాన తెరిపి ఇచ్చిన ప్రతి రోజూ మంద రెండు గంటలైనా నడవాలి. ఏడాది పొడవునా కట్టి మేపే పద్ధతిని, మాంసానికి పెంచే పొట్టేలు పిల్లలకు తగినదే అయినా, ఈత గొర్రెల మందకు ఇక్కడ సిఫారసు చేయడం తొందరపాటు. మేత కొనుగోలు భారాన్ని చిన్న కాపరి మోయలేడు.

అలవాటు సరిగా సాగుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి సాధనాలేవీ అక్కరలేదు. రాత్రి పది గంటల వేళ కొట్టం వద్ద నిలబడి, పడుకొని నెమరు వేస్తున్న జీవాలెన్నో చూస్తే చాలు. ఎక్కువ భాగం పడుకొని ఉంటే మంద కుదుటపడినట్లే. నిలబడి, తలలు వేలవేసి, మూలన గుమిగూడి ఉంటే ఏదో లోపముంది. ఒకదాని ఉన్ని మరొకటి పీకి తినడం మొదలైతే అది గుర్రం కొయ్య కొరకడం వంటిదే. పీచు మేత చాలలేదనో, చోటు ఇరుకైందనో అర్థం.

మేత మార్పు

ముప్పై కిలోల గొర్రెకు రోజుకు సుమారు ఒక కిలో ఎండు పదార్థం కావాలి. బయటి మేపు తగ్గిన మేరకు దీనిని తొట్టిలో పూరించాలి. ఈ ప్రాంతంలో చేతికందే ఎండు మేతలు జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, శనగ పొట్టు, కంది పొట్టు. వీటిలో వేరుశనగ కట్టె పోషక విలువలో మేలైనది. అయితే అది మట్టిలోంచి పీకిన మేత. దులపకుండా తొట్టిలో వేస్తే లేచే దుమ్ము మూసిన కొట్టంలో జీవాల ముక్కుల్లోకే చేరుతుంది. కొట్టం బయట దులిపి, కొద్దిగా నీళ్ళు చిలకరించి వేయడం మంచిది. వానకు తడిసి నల్లబడిన కట్టెను, బూజు వాసన వేసే కట్టెను ఎంత కొరతలోనైనా వాడకూడదు. వేరుశనగకు పట్టే బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చొప్పను ముక్కలు చేసి వేస్తే వృథా తగ్గుతుంది. తుంగభద్ర దిగువ కాలువ నీరందే పొలాలున్న కుటుంబాలు గట్ల మీద అవిశ, సుబాబుల్, కొద్ది చోటులో దశరథ గడ్డి పెంచుకుంటే మేత వైవిధ్యం కొంతైనా నిలుస్తుంది.

ప్రమాదం దాణాతోనే వస్తుంది. కొట్టంలో పెట్టాం కాబట్టి బాగా మేపాలన్న ఉత్సాహంతో మొదటి రోజునే చాట నిండా జొన్నలు, మొక్కజొన్న నూక పోయడం వల్ల పొట్టలో ఆమ్లం పెరిగి జీవం మేత మానేసి, పారి, ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. గింజ మేత ఎక్కువైనప్పుడు పేగులోని సూక్ష్మజీవుల విషంతో వచ్చే చిటుక రోగం ఇంకా వేగంగా ప్రాణం తీస్తుంది. సాయంత్రం బాగున్న జీవం ఉదయానికి ఉండదు, అదీ మందలో బలిసినదే ముందు పోతుంది. దిష్టి తగిలిందని చెప్పుకొనే చావులలో కొన్ని ఇవే. రోజుకు 50 గ్రాముల దాణాతో ప్రారంభించి, మూడు నాలుగు రోజులకొకసారి కొద్దిగా పెంచుతూ, మూడు వారాలకు 200 నుంచి 250 గ్రాములకు చేర్చాలి. ఎప్పుడూ ఎండు మేత తిన్న తరువాతే దాణా పెట్టాలి. తొట్టి వద్ద ఒక్కొక్క పెద్ద జీవానికి 40 నుంచి 50 సెంటీమీటర్ల చోటు లేకపోతే, బలమైనది రెండింతలు మింగుతుంది, బలహీనమైనది పస్తుంటుంది.

పొట్టేళ్ళకు తవుడు ఎక్కువగా పెట్టడం మరొక సమస్యకు దారితీస్తుంది. తవుడులో భాస్వరం హెచ్చు. నీరు తక్కువగా తాగే పొట్టేలులో మూత్రనాళంలో రాళ్ళు ఏర్పడి మూత్రం బిగుసుకుపోతుంది. బయట కుంటలో రోజుకు ఒకసారి నీరు తాగే అలవాటున్న మంద, ఎండు మేతకు మారినప్పుడు అంతకన్నా ఎక్కువ తాగాలి. కొత్త సిమెంటు తొట్టిలోని నీటిని కొన్ని జీవాలు రెండు మూడు రోజులు ముట్టవు. మొదటి వారంలో అవి తాగడానికి అలవాటుపడిన పాత గంగాళాన్నే వాడి, తరువాత తొట్టికి మార్చడం ఉపాయం. ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం అందుబాటులో ఉంటే నీటి వాడకం దానంతటదే పెరుగుతుంది.

గాలి

చలికి భయపడి కొట్టాన్ని నాలుగు వైపులా పట్టాలతో మూసివేయడం వల్ల కలిగే హాని చలి వల్ల కలిగే హాని కన్నా ఎక్కువ. ఆదోని ప్రాంతపు చలి పెద్ద గొర్రెను చంపేంతటిది కాదు. పొడిగా ఉండి, కడుపు నిండా పీచు మేత ఉంటే నెమరు వేసే జీవానికి ఆ మేత పులియడమే వేడినిస్తుంది. మూసిన కొట్టంలో మాత్రం మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా నేలకు దగ్గరగా పేరుకొని శ్వాసనాళాల లోపలి పొరను కరిగించినట్లు దెబ్బతీస్తుంది. ఆ తరువాత నిమ్ము చేయడం ఎంతోసేపు పట్టదు. నిలబడిన మనిషికి ఈ వాసన తెలియకపోవచ్చు. ఉదయం తలుపు తీయగానే మోకాళ్ళ మీద కూర్చొని, గొర్రె ముక్కు ఉన్న ఎత్తులో నాలుగు ఊపిరులు తీసి చూడాలి. కళ్ళు మండితే పట్టాలు ఎక్కువయ్యాయని తెలుసుకోవాలి. వాన కొట్టే వైపు మాత్రం నేల నుంచి నాలుగడుగుల వరకు తడక కట్టి, దానిపై భాగం కప్పు వరకు ఖాళీగా వదలడం సరైన పద్ధతి.

ఉన్ని కత్తిరింపును ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. కొత్తగా కత్తిరించిన గొర్రెను వారం రోజుల పాటు వానకు, రాత్రి గాలికి వదలకూడదు. అలాగని నిండు ఉన్నితో ఉన్నదాన్ని ఉక్కగా ఉన్న కొట్టంలో కుక్కినా అది రొప్పుతుంది.

పిల్లలు

తొలకరి పచ్చికతో జూన్, జూలై నెలల్లో ఎదకు వచ్చిన గొర్రెలు సుమారు 150 రోజులకు, అంటే నవంబరు, డిసెంబరు మాసాలలో ఈనుతాయి. కొట్టం ప్రయోజనం స్పష్టంగా తెలిసేది ఇక్కడే. పొలంలో ఈనిన పిల్ల తడిసిన శరీరంతో గాలికి వణికి, జున్నుపాలు తాగే బలం లేక తెల్లారేసరికి చనిపోవడం ప్రతి కాపరీ ఎరిగినదే. ఈనిక గొర్రెలకు కొట్టంలో ఒక మూల పొడి పరుపు వేసి, తల్లీపిల్లా రెండు మూడు రోజులు తడక చాటున ఉండేలా చూస్తే తల్లి పిల్లను గుర్తుపట్టి చేరదీస్తుంది. పుట్టిన గంటలోపు జున్నుపాలు అందాలి, బొడ్డుకు అయోడిన్ పూయాలి.

అయితే కొట్టం పిల్లలకు ఒక కొత్త శత్రువును కూడా తెస్తుంది. పొలంలో మంద ప్రతి కొన్ని రోజులకు చోటు మారుతుంది కాబట్టి రక్తపు పారుడు కలిగించే కాక్సీడియా క్రిములు పేరుకోవు. ఒకేచోట తడి పరుపు మీద పెరిగే మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో అవి విజృంభిస్తాయి. పిల్లల మూలను కొట్టంలోకెల్లా పొడిగా ఉంచడం, వారి మేత, నీటి తొట్లను పెంట పడని ఎత్తులో కట్టడం మందుల కన్నా ముందు చేయవలసిన పని. పాత పద్ధతిలో పిల్లలను వెదురు గంపల కింద మూసి, గంపలను రోజూ వేరే చోటికి జరపడంలో ఈ సూక్ష్మం ఉంది.

వ్యాధుల విషయం

ఆంధ్రప్రదేశ్‌లో వానాకాలపు చివరి భాగం నీలి నాలుక వ్యాధికి అదను. దానిని వ్యాపింపజేసే క్యూలికాయిడిస్ జాతి చిన్న దోమలు తడి పెంటలో, బురదలో పెరిగి, సాయంత్రం నుంచి తెల్లవారేవరకు కుడతాయి. కప్పు కింద ఉన్న మందకు కాట్లు తగ్గే అవకాశం ఉన్నా, కొట్టం పక్కనే పెంటకుప్ప తడుస్తూ ఉంటే ఆ లాభం పోతుంది. వేపాకు పొగ వేసే వాడుక మంచిదే, కాని పొగను కొట్టం లోపల కాక, గాలి వచ్చే వైపు కొంత దూరంలో వేయాలి. 1, 2, 10, 16, 23 సీరోటైపులతో తయారైన దేశీయ నీలి నాలుక టీకా అందుబాటులో ఉంది. దానినీ, చిటుక రోగం, గొంతువాపు టీకాలనూ, నట్టల నివారణనూ వానలకు ముందే, కొట్టం అలవాటు మొదలుపెట్టడానికి కనీసం మూడు వారాల ముందు ముగించాలి. చిటుక రోగం టీకాను మొదటిసారి వేయించేటప్పుడు రెండు మూడు వారాల ఎడంతో రెండవ మోతాదు తప్పనిసరి.

తడి నేల మీద గిట్టల మధ్య పుండ్లు వస్తాయి. ద్వారం వద్ద కాళ్ళు తడిసేలా చిన్న తొట్టి కట్టి అయిదు శాతం మైలుతుత్తం ద్రావణం పోయడం వాడుకలో ఉంది. రాగిని తట్టుకునే శక్తి గొర్రెకు చాలా తక్కువ. దప్పికతో వచ్చిన మంద ఆ ద్రావణాన్నే తాగితే విషమవుతుంది. నీళ్ళు తాగించిన తరువాతే దాని మీదుగా నడిపించాలి, లేదా పది శాతం జింకు సల్ఫేటు వాడాలి.

ఇంటి లెక్క

మందను కొట్టంలో ఉంచితే పొలాల్లో పడక ద్వారా వచ్చే ఆదాయం పోతుందన్నది కాపరుల మొదటి అభ్యంతరం, అది న్యాయమైనదే. అయితే రైతులు పడకను కోరేది ప్రధానంగా వేసవిలో, దుక్కులకు ముందు. వాన, చలి మాసాల్లో చేలలో పంట ఉంటుంది. ఆగస్టు నుంచి జనవరి వరకు రాత్రి కొట్టం, ఫిబ్రవరి నుంచి మళ్ళీ పొలాల పడక అనుకుంటే ఆదాయంలో కోత స్వల్పం. పైగా కొట్టంలో పోగుపడిన పెంటను పొడిగా నిల్వచేస్తే అమ్ముకోవచ్చు.

ఈ మండలాల్లో మరొక లెక్క ఉంది. ఖరీఫ్ దెబ్బతిన్న ఏడాది పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం గ్రామాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి తీతకు సుగ్గికి వెళ్తాయి. ఇంట్లో ముసలివారు, వారి వద్ద ఒక చిన్న మంద మిగులుతాయి. దూరం నడవలేని ఆ చేతుల్లో మంద ఉంటే ఒకటి రెండు మార్గాలే ఉన్నాయి: జీవాలను సగం ధరకు సంతలో అమ్మడం, లేదా బడికి వెళ్ళవలసిన పిల్లవాణ్ణి మంద వెంట పంపడం. నిల్వ మేత, దగ్గరలో రెండు గంటల మేపు, రాత్రి కప్పు ఉన్న మందను పెద్దవారు చూసుకోగలరు. ఇందుకు సుగ్గికి బయలుదేరే ముందే వేరుశనగ కట్టె, జొన్న చొప్ప వామి సిద్ధంగా ఉండాలి, మంద అప్పటికే కొట్టానికి అలవాటుపడి ఉండాలి. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు ఈ ప్రాంతంలో శిక్షణలను రూపొందించేటప్పుడు తేదీలను ఈ వలస క్యాలెండరును చూసి నిర్ణయించడం సముచితం. నవంబరులో పెట్టే శిక్షణకు వినవలసినవారు ఊళ్ళో ఉండరు.

మందను తిరిగి బయటికి పంపేటప్పుడు

చలి తగ్గాక మందను పొలాలకు తోలడం కూడా ఒక మార్పే. నెలల తరబడి మెత్తని పరుపు మీద ఉన్న జీవాల గిట్టలు అరగక పెరిగి ఉంటాయి. వారం ముందే వాటిని కత్తిరించి, ఆ చోటు గట్టిపడేవరకు ఆవరణలోనే తిప్పాలి. మొదటి రోజుల్లో ఎమ్మిగనూరు సంతకో, దూరపు బీడుకో నడిపించకూడదు. పత్తి చేనులోకి దింపే ముందు చివరిసారి పురుగుమందు ఎప్పుడు కొట్టారో యజమానిని అడిగి తెలుసుకోవాలి. శనగ కోసిన చేలో రాలిన గింజ దట్టంగా ఉంటే, కొట్టంలో ఎండు మేత కొంత తినిపించి, మొదటి రోజు అరగంట మాత్రమే మేపి, మందను పక్క బీటికి మళ్ళించాలి.